రెండుసార్లు తూచిన పొట్టేలు

టోలివర్ కౌంటీ, అయోవా
జూన్ 3, 1996

వెర్లిన్‌కి,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావో అడగను. అరిజోనా ఎండకి నీ మోకాళ్ళు కుదుటపడ్డాయని చర్చిలో అందరూ చెబుతూనే ఉన్నారు. నాకు తప్ప ఊరందరికీ ఉత్తరాలు రాస్తావుగా.

నిన్న జాతర కమిటీ అధ్యక్షుడు మెర్ల్ ఓఫ్‌టెడాల్ మా వంటింట్లో కూర్చుని, ఓవెన్‌లో కాల్చిన నా తీపి రూబార్బ్ పై రెండు ముక్కలు తిని, మూడోది చేతిలో పట్టుకుని, "ఆర్డిస్, ఈ ఏడు కౌంటీ జాతరలో సన్మానం నీకే" అన్నాడు. మూడో ముక్క వెనక్కి లాక్కోవాలనిపించింది.

సన్మానం అంటే ఏమిటో నీకు తెలియనిది కాదు. భుజం మీదుగా పట్టీ వేస్తారు, టాప్ లేని కారులో ఎక్కించి ఊరేగిస్తారు, మైకులో పొగుడుతారు. చివర్లో నువ్వు పని చేసిన కొట్టం ముందు నీ పేరు చెక్కిన బెంచీ వేస్తారు. బెంచీ ఎందుకు? కూర్చోవడానికి. గుర్రాల కొట్టం చూసే హెరాల్డ్‌కి బెంచీ ఇచ్చారు, మరుసటి ఏటికల్లా ఆ తాళంచెవి ఇంకొకడి బెల్టుకి వేలాడింది. లోయిస్‌కి బెంచీ ఇచ్చాక తీపి పైల పోటీ బల్ల దగ్గరికి ఆవిడని రానివ్వలేదు. ఈ కౌంటీలో మనిషిని తీసేయాలంటే తిట్టరు, దండ వేస్తారు.

ముప్ఫై ఏళ్ళు పైబడి గొర్రెల కొట్టం నడుపుతున్నాను. ఎవరూ జీతం ఇవ్వలేదు, నేను అడగలేదు. జూలై వస్తోందంటే నాకు ప్రాణం లేచొస్తుంది. మిగతా పదకొండు నెలలూ ఆ వారం కోసం గడుపుతాను. అది పోతే నాకు ఈ ఇల్లు, ఈ రేడియో, అంతే.

"ఎవరు ప్రతిపాదించారు?" అని మెర్ల్‌ని అడిగాను. పేరు చెప్పకూడదట, కానీ "మీ కుటుంబంలోవాళ్ళే, ఎంత చక్కగా రాశారనుకున్నావ్!" అన్నాడు. నాకు మొగుడు లేడు, పిల్లలు లేరు. నీ కూతురు జనెల్ చర్చిలో తల ఊపుతుంది, ఇరవై రెండేళ్ళుగా అంతకు మించి పలకరింపు లేదు. ఇక మిగిలింది ఎవరు?

ఇంకో సంగతి. ఊరేగింపు బుధవారం పదింటికి. పొట్టేళ్ళని కాటా ఎక్కించి తూచేదీ బుధవారం పదింటికే. ఈ ఏడు మొదటిసారిగా జనెల్ కూతురు టెస్ తన పొట్టేలుని తెస్తోంది. సరిగ్గా ఆ గంటకి నేను కారులో కూర్చుని చెయ్యి ఊపుతూ ఉండాలన్నమాట. బాగా ఆలోచించావురా. నీ బుర్ర అరిజోనా ఎండకి కూడా ఎండిపోలేదు.

ప్రతిపాదన వెనక్కి తీసుకో.

ఆర్డిస్


టూసాన్, అరిజోనా
జూన్ 13, 1996

అక్కా,

అలవాటు కొద్దీ అక్కా అని రాశాను, అంతకంటే ఏమీ లేదు.

నేను నిన్ను ప్రతిపాదించడమా? నీ ఉత్తరం రెండుసార్లు చదివి నవ్వాను. మా పక్కింటి ముసలాయన ఏమైందని గోడ మీదుగా తొంగి చూశాడు. నిన్ను పొగుడుతూ నాలుగు ముక్కలు రాసేకంటే నా చెయ్యి విరగ్గొట్టుకుంటాను.

అసలు సంగతి నాకు తెలుసు. నువ్వే అడిగి పెట్టించుకుని ఉంటావు. ఇప్పుడు బెంచీ సంగతి గుర్తొచ్చి భయం పట్టుకుంది, నేరం నా మీదకి తోస్తున్నావు. చిన్నప్పుడు పాల బిందె ఒలకబోసి నాన్నకి నా పేరు చెప్పినట్టే.

మైకులో ఏం చదువుతారో నేను చెప్పనా? సొంత మేనకోడలి పొట్టేలుని కూడా వదలని నిజాయితీపరురాలు అని చదువుతారు. ఈ కౌంటీలో నీ గురించి చెప్పుకునే కథ అదొక్కటేగా! పన్నెండేళ్ళ జనెల్ తన పొట్టేలు బటన్‌ని కాటా ఎక్కించింది, పోటీకి కావలసిన వంద పౌన్లు దాటి తూగింది, పాసైంది. అందరూ చూశారు. అప్పుడు నువ్వు, నా తోడబుట్టినదానివి, ఆ ఒక్క పొట్టేలుని మాత్రం పక్కన దొడ్లో పెట్టించి, భోజనాలయ్యాక మళ్ళీ తూచావు. అర పౌను తక్కువ. పోటీ లేదు, వేలం లేదు, ఇంటికి పో అన్నావు. నలభై మంది పిల్లల్లో ఎవరిదీ రెండోసారి తూచలేదు. నా బిడ్డదొక్కటే.

ఆ ఏడు చలికాలంలో దాని తల్లి పోయింది. జనవరి నుంచి జూలై దాకా అది నవ్విందంటే ఆ పొట్టేలు దగ్గరే. నీకది తెలుసు. తెలిసీ చేశావు.

ఇప్పుడు ఆ ఏడుపుని మైకులో చదివించి చప్పట్లు కొట్టించుకుంటావా? దాని కూతురు పక్కన నిలబడి వింటుండగానా? నీకు సిగ్గుంటే సన్మానం వద్దని చెప్పు.

వెర్లిన్


టోలివర్ కౌంటీ
జూన్ 21, 1996

వెర్లిన్‌కి,

సిగ్గు గురించి నువ్వు రాశావు, చదివాను. ఉత్తరం పొయ్యిలో పడేద్దామనుకున్నాను, జూన్ నెలలో పొయ్యి వెలిగించడం దండగని ఊరుకున్నాను.

మెర్ల్ దగ్గరికి వెళ్ళి సన్మానం వద్దన్నాను. "అయ్యో ఆర్డిస్, కార్యక్రమం కాగితాలు అచ్చయిపోయాయి, బెంచీకి కర్ర కోసేశారు" అన్నాడు. పోనీ ఊరేగింపు మధ్యాహ్నానికి మార్చమన్నాను. మధ్యాహ్నం ట్రాక్టర్ల పందెం ఉందట. "నువ్వు హాయిగా కారులో కూర్చో, కాటా కర్ట్ చూసుకుంటాడులే" అన్నాడు. దాణా కొట్టు కర్ట్‌కి గొర్రెకీ మేకకీ తేడా తెలియాలంటే తోక పైకుందో కిందకుందో చూడాలి. నా చేత్తో రాసిన తూకం చీటీ కూడా అక్కడ అక్కర్లేదన్నట్టు మాట్లాడాడు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఇది నీకు సంతోషం కలిగిస్తుందని తెలిసే రాస్తున్నాను.

ఇక బటన్ సంగతి. ఇన్నేళ్ళూ నువ్వు ఊరంతా తిరిగి చెప్పుకున్నావు, నేను నోరు విప్పలేదు. ఇప్పుడు నీకు మాత్రమే చెబుతున్నాను, ఎందుకంటే నీకు తెలియదని నటిస్తున్నావు. ఆ పొద్దున పొట్టేలుని తెచ్చిన నీ ట్రైలర్ తలుపు సగం తెరిచి ఉంది. నువ్వు పొట్టేలు తల మోకాళ్ళ మధ్య బిగించి, నోట్లో గొట్టం దూర్చి, నీళ్ళు పోస్తున్నావు. బరువు చాలక. నేను చూశాను. నువ్వు నన్ను చూడలేదు.

పట్టిస్తే ఏమయ్యేదో తెలుసా? తండ్రి మోసం చేశాడని జనెల్ పేరు జాతర నుంచి కొట్టేసేవారు, ఊరు ఊరంతా చెప్పుకునేది. అందుకే ఎవరికీ చెప్పకుండా, ఆ నీళ్ళు దిగిపోయేదాకా దాన్ని దొడ్లో ఉంచి, మళ్ళీ తూచాను. రాక్షసినన్న పేరు నేను తెచ్చుకున్నాను. నీ పేరు నీకు మిగిల్చాను. జనెల్ నాతో మాట్లాడడం మానేసింది, నీతో మానలేదు. లెక్క అలా తేలింది.

ఇప్పుడు చెప్పు, ఎవరికి సిగ్గుండాలి?

ఆర్డిస్


టూసాన్
జూలై 1, 1996

ఆర్డిస్,

గొట్టం లేదు. నీళ్ళు లేవు. ఎండకి దాహమేసి బకెట్లో తాగి ఉంటుంది, ఏ పొట్టేలు తాగదు? నువ్వు చూశానన్నది నువ్వు చూడాలనుకున్నది. పెళ్ళి కాని మనిషివి, పక్కింటి పిల్లల్ని చూసి కుళ్ళుకునేదానివి, అలాంటివే కనపడతాయి.

ఈ కట్టుకథ జనెల్ చెవిన పడిందో, ఈ ముసలి మోకాళ్ళతోనే బస్సెక్కి వస్తాను.

దానికి ఫోన్ చేశాను. "మీ అత్త కాటా దగ్గరుంటే జాగ్రత్త, పొట్టేలు ఏనుగంత ఉన్నా ఎక్కడో ఒక అర పౌను వెతికి తీస్తుంది" అని చెప్పాను. "తెలుసు నాన్నా, నేను చూసుకుంటాను" అంది. దానికి నా తెలివే వచ్చింది.

ఫొటో జతపరిచాను. టెస్, దాని పొట్టేలు. పేరు గ్రేవీ అట. రోజూ పొద్దున్నే మొక్కజొన్న చేను గట్టు మీద తాడు పట్టుకుని నడిపిస్తోందట. చూడు. ఈ పిల్ల మొహం చూసి కూడా నీ చెయ్యి ఆడితే నువ్వు మనిషివే కాదు.

వెర్లిన్


టోలివర్ కౌంటీ
జూలై 8, 1996

వెర్లిన్‌కి,

ఫొటో చూశాను. పొట్టేలు వెనక కాళ్ళు బలంగా ఉన్నాయి, నడుము తిన్నగా ఉంది. టెస్ దాని తల ఇంకాస్త పైకెత్తి పట్టుకోవాలి, గడ్డం కింద చెయ్యి పెట్టి. చెప్పు. నేను చెబితే వినదు, నా పేరు కూడా ఎత్తకు.

పిల్ల నోరు మన అమ్మ నోరు.

ఫొటో తిరిగి పంపను. మిగతా ఉత్తరానికి జవాబివ్వడం నా స్థాయి కాదు.

ఆర్డిస్


టూసాన్
జూలై 18, 1996

ఆర్డిస్,

సాధించావుగా!

నిన్న రాత్రి భోజనం వేళ టెస్ ఫోన్ చేసింది. "తాతయ్యా, ఆర్డిస్ అమ్మమ్మ ఊరేగింపు కారు దిగేసి కొట్టంలోకి వచ్చేసింది, గ్రేవీని కాటా ఎక్కించింది, అమ్మ ఏడ్చింది" అంది. ఇంకేదో చెప్పబోతుంటే జనెల్ ఫోన్ లాక్కుని "తర్వాత మాట్లాడతాను నాన్నా" అని పెట్టేసింది. ఇవాళ మూడుసార్లు చేశాను, ఎత్తడం లేదు.

సన్మానం చేస్తున్నా ఆగలేకపోయావా? కారులోంచి దూకి మరీ వచ్చి తల్లికి చేసిందే బిడ్డకీ చేశావా? ఈసారి ఎంత తక్కువైంది, పావు పౌనా?

నీకు తమ్ముడు లేడు. రాసుకో.

వెర్లిన్ ట్వెట్


టోలివర్ కౌంటీ
జూలై 25, 1996

వెర్లిన్‌కి,

తమ్ముడు లేడని రాసినవాడికి ఇంత పొడుగు ఉత్తరం రాయడం తెలివితక్కువే. కానీ జరిగింది జరిగినట్టు నీకు ఎవరో ఒకరు చెప్పాలి. జనెల్ చెప్పేటప్పుడు ఇంత మర్యాదగా చెప్పదు.

బుధవారం పొద్దున నాకు ఊదా రంగు పట్టీ వేశారు. కారు మెర్ల్ అల్లుడిది, సీట్లు కాలిపోతున్నాయి. గ్యాలరీ ముందు కారు ఆపి మెర్ల్ మైకు తీసుకుని ప్రతిపాదన చదవడం మొదలెట్టాడు. మొదటి రెండు మాటలకే అది నువ్వు రాసింది కాదని తెలిసిపోయింది. నీకు నా మీద కోపం ఉంది కానీ, అంత చక్కగా రాసే ఓపిక ఎప్పుడూ లేదు.

చలికి బిగుసుకుపోయిన గొర్రెపిల్లని ఆర్డిస్ కోటు లోపల పెట్టుకుని, బొత్తాలేసుకుని, అలాగే చర్చికి వచ్చి కూర్చుందని చదివాడు. కాటా దగ్గర పిల్లల పేరు కంటే ముందు పొట్టేలు పేరు అడుగుతుందని చదివాడు. ఓడిపోయిన పిల్లకి చేతిలో చీపురిచ్చి పని చెబుతుందని, ఊడ్చేసరికి ఆ పిల్ల ఏడుపు మర్చిపోతుందని చదివాడు. చివరికి సొంత మేనకోడలి పొట్టేలుని రెండుసార్లు తూచిన సంగతి చదివాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా ధ్యాస మాత్రం గొర్రెపిల్ల దగ్గరే ఉంది. కోటులో గొర్రెపిల్ల సంగతి ఎవరికి తెలుసు? ఆ రోజు చర్చిలో నా పక్కన కూర్చుని, బొత్తాల మధ్య వేలు పెట్టి దాన్ని నిమిరింది జనెల్. అప్పుడు దానికి ఏడేళ్ళు.

మెర్ల్ నాకు మైకివ్వబోయాడు. నేను కారు దిగి కొట్టం వైపు నడిచాను. వెనక నుంచి "ఆర్డిస్! ఆర్డిస్, బెంచీ మీద ముసుగు ఇంకా తీయలేదు!" అని మైకులోనే అరుస్తున్నాడు.

కొట్టంలో కాటా ముందు వరస ఉంది. కర్ట్ చెమటలు కక్కుతూ, కాటా సున్నాకి తేకుండానే తూచేస్తున్నాడు. "తప్పుకో" అన్నాను. "నీకు ఇవాళ సెలవు కదా ఆర్డిస్" అన్నాడు. "సెలవు నువ్వు తీసుకో" అన్నాను. తప్పుకున్నాడు. పాపం, బతికాననుకున్నాడు.

తర్వాతి వంతు టెస్‌ది. వెనక జనెల్. నన్ను చూసి దాని మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"నీ పొట్టేలు పేరేంటి?" అన్నాను.

"గ్రేవీ" అంది టెస్. "నీ పట్టీ జారిపోతోంది అమ్మమ్మా."

కాటా సున్నాకి తెచ్చాను. గ్రేవీని ఎక్కించాను. వంద దాటి, నూట పది దాటి, నూట ఇరవై ఆరు దగ్గర ముల్లు ఆగింది. డొక్క తడిమాను. నీళ్ళు లేవు, మోసం లేదు, గట్టి కండ. ఆ పొట్టేలుకి ఎవరి దయా అక్కర్లేదు. నేనున్నా, కర్ట్ ఉన్నా, గుడ్డివాడున్నా పాసయ్యేది.

"పాస్" అన్నాను. అప్పుడు ఏడ్చింది జనెల్. నేను ఏడిపించలేదు.

టెస్ పొట్టేలుని తీసుకెళ్ళాక జనెల్ దగ్గరికి వచ్చి, "నేనే రాశాను అత్తా" అంది. "నువ్వు ఈ గంట ఇక్కడ ఉండకూడదని రాశాను. ఊరికే అడిగితే కమిటీ ఒప్పుకోదు. నిన్ను కదిలించాలంటే సన్మానం చెయ్యడం ఒక్కటే దారి."

"పొట్టేలు ఇంత బరువుందని నీకు తెలియదా? ఇంట్లో తూచలేదా?"

"తూచాను. వారానికి రెండుసార్లు. అయినా నువ్వు ఏదో ఒకటి తీస్తావనుకున్నాను."

వెర్లిన్, నా జీవితంలో నా గురించి ఎవరైనా రాసిన మంచి మాటలు అవే. ఒక్కటీ అబద్ధం కాదు. రాసింది నన్ను ఒక గంట సేపు కంటికి కనపడకుండా చెయ్యడానికి. దాని భయం కాటా అంటే కాదు, నేనంటే. ఆ భయం నూరిపోసి పెంచింది నువ్వు. నాకు చాలా కష్టంగా అనిపించింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

అప్పటికి మెర్ల్ ఆయాసపడుతూ మైకు తీగ ఈడ్చుకుంటూ వచ్చేశాడు. "నాలుగు మాటలైనా చెప్పు ఆర్డిస్, అందరూ వింటున్నారు" అన్నాడు. సరేనని తీసుకున్నాను. "ఈ కొట్టం వదలమని నాకు మర్యాదగా చెప్పారు. వదులుతాను. నన్ను ఇంత బాగా ఎరిగిన మనిషి ఈ కౌంటీలో ఒక్కరే ఉన్నారు. వచ్చే ఏడు నుంచి కాటా జనెల్ చూసుకుంటుంది. చప్పట్లు కొట్టండి" అన్నాను.

కొట్టారు. గ్యాలరీ నుంచి కూడా వినపడ్డాయి. ఈ కౌంటీలో మైకులో పిలిచిన పనిని కాదన్నవాడు ఇంకా పుట్టలేదు. జనెల్ నన్ను చూసిన చూపుకి నీకైతే అరిజోనాలోనే జ్వరం వచ్చేది. ప్రేమతో చేశానని చెప్పను. అది నన్ను గౌరవించింది, నేను దాన్ని గౌరవించాను. వచ్చే ఏడు కౌంటీ అంతా చూస్తుండగా సొంత కూతురి పొట్టేలుని అది తూచాలి.

గురువారం పొద్దున పళ్ళు బిగించి కొట్టానికి వచ్చింది. "నేర్పు" అంది. నేర్పాను. కాటా సున్నాకి తేవడం మూడుసార్లు తప్పు చేసింది, నేను సాయం చెయ్యలేదు. నాలుగోసారి వచ్చింది. తర్వాత మోసాలు ఎలా పట్టాలో చెప్పాను. బరువు చాలని పొట్టేలుకి కొందరు గొట్టంతో నీళ్ళు పోస్తారని, ఎడమ డొక్క మీద అరచెయ్యి పెట్టి నొక్కితే లోపల నీళ్ళు కదులుతాయని ఒక పొట్టేలు మీద చూపించాను. "అనుమానం వస్తే గొడవ చెయ్యకు. దొడ్లో కట్టేసి, నీళ్ళు దిగాక మళ్ళీ తూచు" అన్నాను. కొత్తవాళ్ళెవరికైనా చెప్పినట్టే చెప్పాను. ఒట్టు, నీ పేరు ఎత్తలేదు.

దాని చెయ్యి డొక్క మీదే ఆగిపోయింది.

"గొట్టం సరిగ్గా దిగకపోతే?" అంది.

"ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దగ్గుతుంది."

ఆ పొట్టేలు దాని చొక్కా అంచు నములుతోంది, లాక్కోలేదు. "ఆ రోజు దొడ్లో బటన్ దగ్గుతూనే ఉన్నాడు. జలుబు చేసిందనుకుని నా స్వెట్టర్ కప్పాను" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఎందుకు చెప్పలేదు నాకు?" అని గట్టిగా అరిచింది. పక్క కొట్టంలో వాళ్ళు తొంగి చూశారు.

"నీకు పన్నెండేళ్ళు. అమ్మ పోయి ఆరు నెలలు. నీకు మిగిలింది నాన్నొక్కడే" అన్నాను.

"ఇప్పుడు ముప్ఫై నాలుగు" అంది.

తనే చీపురు తీసుకుని కొట్టం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊడ్చింది. వెళ్ళేటప్పుడు నాతో ఒక్క మాట చెప్పింది: జాతర సామాన్లన్నీ సర్దేశాక, ఇరవై ఎనిమిదో తేదీ ఆదివారం చర్చి అయ్యాక, నీకు ఫోన్ చేస్తుందట. "నువ్వు ముందుగా చెప్పి పెట్టకు" అంది. చెప్పనన్నాను. అందుకే ఈ ఉత్తరం ఇవాళ, గురువారం, పోస్టు చేస్తున్నాను, నీకు చేరేది సోమవారం.

ఇది నువ్వు చదివేసరికి ఆ ఫోన్ అయిపోయి ఉంటుంది.

ఆర్డిస్